పేరు గుత్తిది.. పెంపకం పరాయిది

నల్లమల చెట్టు తొర్రలో పుట్టిన నీలి సాలీడు ఇవాళ యూరప్, అమెరికా ఇళ్లలో పిల్లలు పెడుతోంది. ఆ విద్య మనవాళ్లు నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? దేని జోలికి పోకూడదు?

జర్మనీలో హామ్ అనే పట్టణముంది. పాములు, బల్లులు, సాలీళ్ల సంతకు పేరుమోసిన ఊరు. పెద్ద హాళ్లు, పొడుగాటి బల్లలు, వాటి మీద పేర్చిన చిన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు. ఇలాంటి సంతల్లో డబ్బాల మీది చీటీలు చదువుకుంటూ పోయే తెలుగువాడికి ఒక పేరు దగ్గర అడుగు ఆగుతుంది. ‘గూటీ’. మన అనంతపురం జిల్లా గుత్తే. కోటకూ రైల్వే జంక్షన్‌కూ పేరున్న ఊరు. డబ్బాలో ఉండేది వేలిగోరంత సాలీడు పిల్ల. ఆడదై పెరిగితే కాళ్ల కొస నుంచి కొసకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాస్తుంది. ఒళ్లంతా నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు, వీపు మీద తెల్లటి ఆకు ముగ్గు. టరంటులాలు అనే ఈ పెద్ద సాలీళ్లను పెంచేవాళ్లలో దీన్ని ఎరగనివాళ్లు ఉండరు. గుత్తిని చూసినవాళ్లు మాత్రం బహుశా ఒక్కరూ ఉండరు.

ఇక ఇటు ఉమ్మడి నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ వైపు వద్దాం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి మడులు, రైసుమిల్లులు, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడ పెంపకమంటే గొర్రెలు, నాటుకోళ్లు, పావురాలు. సరదా ఉన్నవాళ్లింట్లో లవ్‌బర్డ్స్, ఒక చేపల తొట్టి. సాలెపురుగు కనబడితే చీపురు తిరగేయడమే. అయినా ఫోన్లో వీడియోలు చూసే పిల్లలకు టరంటులా ఇప్పుడు కొత్త కాదు. ‘అన్నా, గిది మనం పెంచొచ్చా? పిల్లలు తీయిస్తే పైసలొస్తయా?’ అని అడిగేవాడు ఏ ఊళ్లోనైనా ఒకడుంటాడు. ఈ కథనం అతని కోసం. విద్య నేర్చుకోదగ్గదే. కాకపోతే అడవిలోంచి ఒక్క ప్రాణిని కూడా ఇంటికి తేకుండా నేర్చుకోవాలి.

కలపతో పాటు రైలెక్కింది

1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ ఈ సాలీడును తొలిసారి శాస్త్రానికి పరిచయం చేశాడు. ‘పోసిలోథీరియా మెటాలికా’ అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చిన నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. అక్కడే తిరకాసు వచ్చింది. ఊరి పేరు పుస్తకాల్లోకి ఎక్కింది గానీ గుత్తి చుట్టుపక్కల ఎంత వెతికినా సాలీడు కనిపించలేదు. అలా నూరేళ్లు గడిచాయి. ఈ జాతి ఇంకా బతికే ఉందా అన్న అనుమానం కూడా వచ్చింది. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమల అడవిలో మళ్లీ కనబడింది.

గుంటూరు, గుంతకల్లు రైలు దారి తెలిసినవాళ్లకు ఈ చిక్కుముడి విప్పడం తేలిక. ఆ దారి నంద్యాల దాటాక నల్లమలను చీల్చుకుంటూ గిద్దలూరు వైపు పోతుంది. దొరబావి వంతెన, బొగద సొరంగం ఉన్న దారి. గుంతకల్లు దాటితే పక్కనే గుత్తి. చెట్టు తొర్రలో కాపురమున్న సాలీడు, ఆ చెట్టును నరికి బండికెక్కిస్తే దుంగతో పాటే డిపోకు చేరి ఉంటుందని పరిశోధకుల ఊహ. గుత్తి దాని సొంతూరు కాదు, దిగిన స్టేషన్ మాత్రమే.

పోసిలోథీరియా జాతులన్నీ భారత్, శ్రీలంకల్లోనే ఉన్నాయి, మరే దేశంలోనూ లేవు. అన్నీ చెట్ల మీద బతికేవే. గుత్తి సాలీడుకు ముదిరిన పెద్ద చెట్టు, దానికో లోతైన తొర్ర కావాలి. పగలంతా తొర్రలో దాక్కుని, చీకటి పడ్డాక మూతి దగ్గర కూర్చుని అటుగా వచ్చే పురుగును పట్టుకుంటుంది. ముసలి చెట్లు పోతే తొర్రలు పోతాయి, తొర్రలు పోతే కాపురం పోతుంది. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ‘అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న’ జాతుల్లో చేర్చింది. తెలిసిన నివాసం వంద చదరపు కిలోమీటర్ల లోపే, అదీ వంటచెరకు, కలప నరుకుళ్లతో చెదిరిపోయిన అడవి. పెంపుడు వ్యాపారం కోసం పట్టుకుపోవడం దానికి తోడు.

నీలం సంగతి కూడా చెప్పుకోవాలి, ఈ సాలీడుకు ఇంత గిరాకీ తెచ్చింది అదే. అది రంగు పదార్థం కాదు. వెంట్రుకల లోపలి అతి సన్నని పొరలు వెలుతురును విరిచి నీలాన్ని మాత్రమే వెనక్కి పంపుతాయి. టరంటులాల్లో ఇలాంటి నీలం విడివిడిగా కనీసం 8 సార్లు పుట్టిందని 2015లో బోర్-కై షియుంగ్ బృందం తేల్చింది. టరంటులాల చూపు అంత గొప్పది కాదు కాబట్టి ఒకదాన్నొకటి మురిపించుకోవడానికే ఈ సోకు అని గట్టిగా చెప్పలేం. ఎందుకోసమో ఇంకా తేలలేదు. మనుషుల్ని మురిపించడం మాత్రం జరిగిపోయింది. ఆ కష్టం ఎవరికి వచ్చిందో చూస్తున్నాం.

మన దేశం నుంచి అడవి జీవుల ఎగుమతి నిషేధం. మరి ఇన్ని దేశాల్లో వేలకొద్దీ గుత్తి సాలీళ్లు ఎలా పుట్టాయి? వాటి ముత్తవ్వలు ఏ కాగితం మీద సముద్రం దాటాయి? సంతలో డబ్బా కొనేవాళ్లు ఈ ప్రశ్న అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. మొదట్లో ఒక్కోటి వందల డాలర్లు పలికింది. పెంపకందార్లు పిల్లలు తీయడం నేర్చాక పిల్ల ధర పదుల డాలర్లకు దిగింది. దీనివల్ల ఒక మేలు జరిగింది, ఒప్పుకోవాలి. డబ్బాలో పుట్టిన పిల్ల చవగ్గా దొరుకుతుంటే అడవికి దొంగను పంపాల్సిన అవసరం తగ్గుతుంది.

పట్టొద్దు, పార్సిల్ తెప్పించొద్దు

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ (అడవి జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) సభలో పోసిలోథీరియా జాతులన్నిటినీ రెండో అనుబంధంలో చేర్చారు. ఆ సభ నిజానికి కొలంబోలో జరగాల్సింది. ఆ ఏడాది ఈస్టర్ బాంబు దాడుల తర్వాత జెనీవాకు మారింది. అనుబంధంలో చేరడమంటే సరిహద్దు దాటే ప్రతి సాలీడుకూ అనుమతి పత్రం ఉండాలి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. సైటీస్ జాబితాలోని బతికున్న జీవిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు దాన్ని నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా చెప్పాలి, చచ్చిపోయినా చెప్పాలి. 2024లో వచ్చిన నిబంధనలతో ఆ నమోదు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్లో జరుగుతోంది. అభయారణ్యంలోంచి, పులుల అభయారణ్యంలోంచి ఏ జీవిని తెచ్చినా నేరమే. అది పులి పిల్లా, సాలీడు పిల్లా అని చట్టం తేడా చూడదు.

బయటి నుంచి తెప్పించుకుంటే? 2021 జూలైలో చెన్నైలో కస్టమ్స్ వాళ్లు ఒక తపాలా పార్సిల్ విప్పారు. పోలండ్ నుంచి వచ్చింది, తమిళనాడులోని అరుప్పుకోట్టైకి పోవాలి. లోపల చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాలు. వాటికి వెండి రేకు, దూది చుట్టి ఉన్నాయి. లెక్కపెడితే 107 బతికున్న సాలీళ్లు. దిగుమతి లైసెన్సు లేదు, ఆరోగ్య పత్రాలు లేవు. వచ్చిన దారినే తిప్పి పంపాలని నిర్ణయించారు. ఆ సీసాల్లో ఎన్ని బతికి వెనక్కి చేరాయన్నది వేరే సంగతి.

కాబట్టి కొత్తవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత?’ అని కాదు, ‘కాగితం ఏది?’ అని. అమ్మేవాడు దిగుమతి పత్రమో, నమోదు పత్రమో చూపించలేకపోతే వెనుదిరగాలి. ‘కాగితాలు తర్వాత చూసుకుందాం తమ్మీ’ అన్నాడంటే బేరం అక్కడితో సరి. మెక్సికో ఎర్రమోకాళ్ల సాలీడును కొత్తవాళ్లకు మంచిదని ప్రపంచమంతా చెబుతారు. నెమ్మదైన జాతి, నేల మీద బతుకుతుంది. దానికి 1985 నుంచే సైటీస్ కాపలా ఉంది. గుత్తి సాలీడు మాత్రం చేయి తిరిగినవాళ్ల పని. మెరుపులా పరుగెత్తుతుంది. దాని విషం కండరాల్ని పట్టేస్తుంది. ఆ నొప్పులు కొందరికి రోజుల తరబడి ఉన్నాయని, తగ్గాయనుకున్నాక మళ్లీ వచ్చాయని వైద్య పత్రికల్లో నమోదైంది. చావులు నమోదు కాలేదు. పాము కాటుకిచ్చే విరుగుడు మందు దీనికి పనిచేయదు. నొప్పికి, పట్లకు చికిత్స చేయడమే దారి. అమెరికా ఖండాల సాలీళ్లు కరవడం తక్కువ, కానీ వెనక కాళ్లతో పొట్ట మీది నూగు దులుపుతాయి. కంట్లో పడితే కంటి డాక్టరు దాకా పోవాల్సిందే. ఏ జాతినైనా చేతిమీద పాకించుకుని ఫొటో దిగడం పెంపకం కిందికి రాదు. సాలీడుకు అందులో సుఖం లేదు. కిందపడితే పొట్ట పగిలి చస్తుంది.

ముందు ఒక్కదాన్ని బతికించు

పిల్లలు తీయాలనే ఆశ ఉన్నవాళ్లు ముందు ఒక్క పిల్లను పెద్దదాకా పెంచాలి. ఇది మా మాట కాదు, ఈ విద్యలో తలపండినవాళ్లంతా చెప్పేదే. ఎర్రమోకాళ్ల సాలీడు ఆడది పెద్దదవడానికే ఆరేడేళ్లు పడుతుంది, ఆ తర్వాత ఇరవై ఏళ్లు దాటి బతుకుతుంది. గుత్తి సాలీడు త్వరగా పెరుగుతుంది. ఆడది పదకొండు పన్నెండేళ్లు, మగది మూడు నాలుగేళ్లు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. గాలి ఆడే డబ్బా, కొబ్బరి పొట్టు, దాక్కోవడానికి బెరడు ముక్క, నీళ్ల మూత. చెట్టు సాలీడుకు నిలువు డబ్బా, నేల సాలీడుకు లోతైన పొట్టు. పుస్తకాల్లో ఉన్నవి ఇక్కడితో ఆగుతాయి. హుజూర్‌నగర్ లాంటి చోట పుస్తకాల్లో లేని రెండు పెద్ద గండాలున్నాయి.

మొదటిది మేత. వరి గట్ల మీద మిడతలు, కీచురాళ్లు కావాల్సినన్ని. పట్టి వేయొచ్చు కదా అనిపిస్తుంది. ఆ మడికి పురుగుమందు కొట్టి ఎన్నాళ్లయిందో ఎవరికి తెలుసు? మందు తిన్న మిడత చావకుండా ఎగురుతూనే ఉండొచ్చు. దాన్ని తిన్న సాలీడు చస్తుంది. ఇంట్లో బొద్దింకలూ అంతే, ఏదో ఒక స్ప్రే తగిలి ఉంటుంది. అందుకే మేత పురుగుల్ని కూడా ఇంట్లోనే పెంచుకోవాలి. తవుడుకో గోధుమ పొట్టుకో కరువు లేని రైసుమిల్లుల ఊరు కాబట్టి పిండి పురుగుల పెంపకం ఇక్కడ కష్టమేమీ కాదు. సాలీడు పెంపకంలో సగం పని పురుగుల పెంపకమే. దీన్ని ఎవరూ వీడియోలో చూపించరు.

రెండోది ఎండ. మే నెలలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల గదిలో డబ్బా పెడితే సాలీడు ఉడికిపోతుంది. అడవిలో అది లావాటి మానులో, లోతున, చల్లగా ఉంటుంది. ఇంట్లో ఉత్తరం వైపు గది, కింది అర, నేల వారగా ఉన్న చోటు మంచిది. కూలర్ గాలి నేరుగా తగలకూడదు, గదికి మాత్రం తగలొచ్చు. ఇంకొకటి చీమలు. డబ్బాల బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టడం మన వంటింటి పద్ధతే.

పెరిగే సాలీడు పాత తోలు విడుస్తుంది. ముందు తిండి మానేస్తుంది. కొన్ని వారాలు, పెద్దవైతే నెలలు. కొత్తవాళ్లు కంగారుపడి పురుగుల్ని లోపల వదిలేస్తారు. అది ప్రమాదం. తోలు విడిచేటప్పుడు సాలీడు వెల్లకిలా పడుకుని కాళ్లు ముడుస్తుంది. చచ్చిందని పారేసినవాళ్లూ ఉన్నారు. గంటల తరబడి ఒక్కో కాలూ పాత తొడుగులోంచి లాక్కుంటుంది. కొత్త ఒళ్లు మెత్తగా ఉంటుంది, కోరలు తెల్లగా ఉంటాయి. అవి ఎర్రబడి, నల్లబడే దాకా మేత వేయకూడదు. అప్పుడు లోపల ఒక్క కీచురాయి ఉన్నా వేటగాణ్ని కొరికేస్తుంది.

విడిచిన తోలును పారేయొద్దు. ఆడా మగా తేలేది దానిలోనే. సబ్బు చుక్క కలిపిన నీళ్లలో నానబెట్టి, సన్నని కుంచెతో పొట్ట భాగాన్ని విప్పదీయాలి. లోపలి వైపు నాలుగు తెల్ల మచ్చలు కనిపిస్తాయి, ఊపిరితిత్తుల పొరలు. పై జతకు మధ్యన, మడత దగ్గర భూతద్దం పెట్టి చూస్తే ఆడదానికి చిన్న సంచి లాంటి భాగం లేచి ఉంటుంది. మగదానికి ఉండదు. మొదటి తోళ్లు తడబాటుతో చిరిగిపోతాయి. చేయి కుదరడానికి కొన్ని తోళ్లు పోవాల్సిందే.

చప్పుడుతో మొదలయ్యే కాపురం

మగ సాలీడు ఆఖరి తోలు విడిచిన రోజు నుంచి దాని ఆయువు లెక్క మొదలవుతుంది. మూతి పక్కన రెండు చిన్న కాళ్లలాంటి మీసపు కాళ్లుంటాయి. వాటి కొసలు ఉబ్బి, లోపల కొక్కెం లాంటి గొట్టం ఏర్పడుతుంది. ఇక తిండి మీద ధ్యాస తగ్గుతుంది. ఒక రాత్రి చిన్న పట్టు తెర అల్లి, దాని మీద వీర్యపు చుక్క వదులుతుంది. తర్వాత మీసపు కాళ్ల కొసలతో ఆ చుక్కను పీల్చి నింపుకుంటుంది. ఆ తెర కంటపడితే అదృష్టం. చాలాసార్లు మగదే దాన్ని చింపేస్తుంది. అక్కడి నుంచి డబ్బా గోడల వెంట తిరగడమే దాని పని. కొన్ని నెలలు, మహా అయితే ఏడాదికి అటూ ఇటూ. ఆలోపు జత కుదరాలి.

ఆడదాని వైపు లెక్క వేరు. అది పెద్దదయ్యాక కూడా తోలు విడుస్తూనే ఉంటుంది. విడిచినప్పుడు వీర్యం దాచుకున్న సంచి పొర కూడా ఊడి వస్తుంది. జత కట్టిన నెలకో రెండు నెలలకో తోలు విడిచిందంటే పడ్డ శ్రమంతా దండగ. అందుకే అది తోలు విడిచి, గట్టిపడి, కడుపునిండా తిన్నాక మగదాన్ని వదులుతారు. తోలు విడిచిన తేదీ రాసుకోని పెంపకందారు పిల్లలు తీయలేడు. ఒక నోటు పుస్తకం ఉండాలి. కోళ్ల ఫారం వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

జత కలపడం సాయంత్రం, వెలుతురు తక్కువున్నప్పుడు. మగదాన్ని ఆడదాని డబ్బాలోకి మెల్లగా దించి, పొడుగాటి మెత్తని కుంచె చేత పట్టుకుని పక్కన నిలబడాలి. మొదట ఏమీ జరగదు. మగదానికి ఆడదాని పట్టు దారం తగిలిందా, ఒళ్లు జలదరిస్తుంది. ముందు కాళ్లతో, మీసపు కాళ్లతో బెరడు మీద దరువేస్తుంది. టక టక, కాసేపు ఆగి మళ్లీ టక టక. గదిలో ఫ్యాను ఆపితే మనకూ వినిపిస్తుంది. ఆడదానికి ఇష్టమైతే లోపలి నుంచి అదే దరువు బదులు వస్తుంది. రాకపోతే మగదాన్ని తీసేయాలి. పంతం పడితే భోజనం అయ్యేది మగదే. బదులొచ్చాక మగది ముందుకు జరిగి, కాళ్లతో ఆడదాన్ని మెల్లగా పైకి లేపి, మీసపు కాలి గొట్టాన్ని పొట్ట కింద మడతలో పెడుతుంది. అంతా కలిపి కొన్ని క్షణాలో కొన్ని నిమిషాలో. చాలా నేల జాతుల్లో మగదాని ముందు కాళ్లకు కొక్కేలుంటాయి, ఆడదాని కోరల్ని వాటితో అడ్డుకుంటుంది. పోసిలోథీరియా మగవాటికి ఆ కొక్కేలు లేవు. విచిత్రమేమంటే వీటిలోనే కాపురం కాస్త శాంతంగా సాగుతుంది. ఆడా మగా ఒకే డబ్బాలో రోజులు, వారాలు కలిసి ఉండటం పెంపకందార్లకు తెలిసిందే. గుత్తి సాలీడును బందీగా పెంచేవాళ్లకు ఈ గుణం కలిసొచ్చింది.

కాళ్లొచ్చిన గుడ్లు

ఆ తర్వాత నిరీక్షణ. ఆడది తెగ తింటుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒకరోజు తిండి మానేసి తొర్ర మూతిని పట్టుతో మూసేస్తుంది. అడవిలో దీని వెనుక రుతువు ఉంటుంది. ఎండిపోయిన రోజులు, తర్వాత తొలకరి. ఇంట్లో కొన్నాళ్లు పొడిగా ఉంచి, ఆపై తడి పెంచి ఆ రుతువును నమ్మిస్తారు. కుదిరితే పట్టు సంచి కడుతుంది, చిన్న నిమ్మకాయంత. లోపల నూరు, అంతకు మించి గుడ్లు. తల్లి దాన్ని వదలదు, కాళ్ల మధ్య పెట్టుకుని అటూ ఇటూ దొర్లిస్తుంది. అప్పుడు డబ్బా కదిపినా, పదేపదే టార్చి వేసినా సంచిని తానే తినేస్తుంది. అందరూ చేసేది ఆ ఆత్రమే, చూద్దామని మూత తీయడం.

కొందరు సంచిని తల్లికే వదిలేస్తారు. కొందరు నెల దాటాక తీసుకుంటారు. తీయాలంటే తల్లిని మరో డబ్బాతో అడ్డుకుని పొడుగాటి చిమటాతో లాగాలి. సన్నని కత్తెరతో పట్టు కోసి తెరిస్తే లేత పసుపు పూసలు. తల్లి దొర్లించే పని ఇక మనది. డబ్బాలో తడి దూది, దాని పైన గుడ్డ ఊయల కట్టి, గుడ్లు అందులో పోసి రోజూ మెల్లగా కదపాలి. వేడి 26, 27 డిగ్రీలు. తడి ఎక్కువైతే బూజు, తక్కువైతే ముడతలు. చెడిన గుడ్డును ఆ పూటే ఏరేయాలి, లేకపోతే పక్కవాటిని కూడా పట్టుకుపోతుంది.

బాగుంటే కొన్ని వారాలకు గుడ్లకు కాళ్లొస్తాయి. పెంపకందార్లు వాడే మాటే అది, కాళ్లొచ్చిన గుడ్లు. గుండ్రటి పూస, దానికి ఎనిమిది తెల్లటి పోగులు, కదలలేక కదులుతూ. ఇంకోసారి తోలు విడిచాక నడుస్తాయి. మరోసారి విడిచాక తింటాయి. అప్పటికి నీలం ఉండదు. అది మెల్లమెల్లగా తర్వాతి తోళ్లలో తేలుతుంది.

నూరు నోళ్లు

సంబరం ఇక్కడ ముగిసి లెక్క మొదలవుతుంది. నూరు పిల్లలంటే నూరు సీసాలు, నూరు మూతలకు రంధ్రాలు, వారానికి రెండుసార్లు నూరు చోట్ల పండు ఈగలో, కోసిన పిండి పురుగు ముక్కో. ఏ సీసా ఎండిందో, ఏది చెమ్మగిల్లిందో చూడాలి. ప్రతి పిల్లా నమోదులోకి ఎక్కాలి. వాటిని తీసుకునేవాళ్లు ఎవరు? నమోదు చేయించుకుని, చావు కబురు కూడా రాసి పంపే ఓపిక ఉన్నవాళ్లు మన దగ్గర ఎందరు? వదిలించుకోలేక చెరువుగట్టున వదిలేస్తే పరాయి జాతి మన నేల మీద పడుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్యే జతలు కడుతూ పోతే రెండు మూడు తరాలకు సంతు బలహీనపడుతుంది. పైగా ఒకే సంచిలో పుట్టిన మగవి ముందే పెద్దవై, ఆడవి ఎదిగేలోపు చస్తాయి. కొత్త నెత్తురు కోసం ఇంకో పెంపకందారుతో మార్పిడి చేసుకోవాలి. అది కాగితాలు లేకుండా కుదరదు. పైసల కోసం ఇందులో దిగేవాళ్లకు మా సలహా ఒక్కటే, నాటుకోళ్లు పెంచండి.

మరి ఈ విద్య ఎందుకు? శ్రీకాళహస్తిలో సాలీడును శివభక్తుల్లో చేర్చుకున్న జాతి మనది. నల్లమలలో మిగిలిన నీలి సాలీడు కోసం మన చేతులకు ఈ పని రావాలి. బ్రిటన్‌లో బురదనేలల మీద బతికే ఫెన్ రాఫ్ట్ సాలీడు మూడు చోట్ల తప్ప మిగలని స్థితికి వచ్చినప్పుడు హెలెన్ స్మిత్ అనే శాస్త్రవేత్త తన వంటింట్లో, ఒక్కో పిల్లను ఒక్కో పరీక్షనాళికలో పెట్టి, ఈగలు మేపి వేల పిల్లల్ని పెంచింది. 2010 నుంచి వాటిని కొత్త చిత్తడి నేలల్లో వదిలారు. తర్వాత చెస్టర్ జూ లాంటివి చేయి కలిపాయి. ఆ వంటింట్లో జరిగిన పనికీ, పైన చెప్పిన ఊయల డబ్బాల పనికీ తేడా లేదు. ప్రయోజనం ఒక్కటే వేరు.

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ నెహ్రూ జూపార్కు, పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ కేంద్రం కలిసి 2010లో అర డజను మూషిక జింకలతో పెంపకం మొదలుపెట్టాయి. కొన్నేళ్లకు వాటి సంఖ్య రెండొందలు దాటింది. 2017లో తొలి జట్టును అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరచుకున్న ఆ అడవి నల్లమల ఉత్తరపు అంచు. అంటే ఈ నేల మీద ఒక జీవిని బోనులో పెంచి అడవికి తిప్పి పంపడం ఇప్పటికే జరిగింది. జింకకు పెట్టిన ఖర్చులో పిసరంత చాలు సాలీడుకు. నంద్యాల, గిద్దలూరు అడవి నుంచి అటవీ శాఖ అనుమతితో తీసిన కొద్దిపాటి జతలు, వాటి వంశావళి రాసే ఒక పుస్తకం, చల్లటి గది ఒకటి. యూరప్ సంతల్లోని నీలి పిల్లల్ని తెచ్చి అడవిలో వదిలేస్తే సరిపోదు. అవి ఏ నెత్తురో, ఏ జబ్బు మోసుకొస్తాయో తెలియదు. మొదలు మన అడవి నుంచే రావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అటవీ శాఖలు కలిసి కూర్చుంటే తేలే పని ఇది. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. జువాలజీ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

ఈలోగా పాఠకులు చేయగలిగిందీ ఉంది. శ్రీశైలం దారిలోనో, అమ్రాబాద్ అడవిలోనో, మీ ఊరి ముసలి చింత తొర్రలోనో పెద్ద సాలీడు కనబడితే చంపకండి, ముట్టుకోకండి. దూరం నుంచి ఫొటో తీయండి. ఆ ఫొటోను సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు చోటు పేరు రాయకండి, ఏ చెట్టో చెప్పకండి. పట్టుకుపోయేవాళ్లు వెతికేది సరిగ్గా ఆ వివరాల కోసమే. చోటు చెప్పాల్సింది ఒక్క అటవీ శాఖ వాళ్లకే.